ఊడలు దిగని పల్లిచెట్టు

సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను చట్నీకి పల్లీలు వేయిస్తున్నాను. కావాలని అల్లిన మాట కాదిది. జగిత్యాలలో పొద్దున ఏడింటికి ఏ వంటింట్లోకి తొంగిచూసినా మూకుట్లో పల్లీలే వేగుతుంటాయి. ఫోను చేసింది సిరిసిల్ల నుంచి సారు తమ్ముడి కొడుకు.

"మేడం, పెద్దబాపు పోయిండు. తెల్లారంగనే. బాధేం పడలే, నిద్రల్నే పోయిండు."

అతనే మళ్లీ అన్నాడు. "ఆయన కుండీ ఒకటున్నది గద, పల్లిచెట్టు. అది మీకే ఇయ్యమని పదిసార్లు జెప్పిండు. దినాలకు అస్తరు గద, తీస్కపోండ్రి."

పల్లీలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. మా ఆయన వచ్చి స్టవ్ ఆపి, ఎవరు పోయారని అడిగాడు. చెప్పాను. "అయ్యో, మంచి మనిషి" అన్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆ చెట్టు ఇక నా ఇంటికే వస్తుందని భయమేసింది.

సారు మాకు కోరుట్ల డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పారు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా బ్యాచీ వాళ్లు గుర్తుపట్టరు, ఎందుకంటే కాలేజీ మొత్తానికి ఆయన నలభై సారు. పల్లిలో క్రోమోజోములు నలభై. ప్రతి మొక్కకూ దాని కణంలో ఉండే ఆ సన్నటి పోగుల లెక్క ఒకటుంటుంది, అది మారదు. పప్పుజాతి మొక్కలన్నిటి లెక్కలూ ఆయనకు బంధువుల పేర్లలాగా నోటికి వచ్చు. శనగకు పదహారు, బఠాణీకి పద్నాలుగు, కందికి ఇరవై రెండు, పొలంలో పచ్చిరొట్టకు చల్లే జీలుగకు పన్నెండు. అంగట్లో చిక్కుడుకాయ తూకం వేయిస్తూ తనలో తాను "ఇరవై రెండు" అనుకునేవారు. అమ్మే ఆమె కస్సుమనేది: "ఇరవై రెండుకు ఏడస్తది సారూ, కిలో నలభై." "నలభై పల్లికవ్వా, చిక్కుడుకు గాదు" అని ఆయన, ఏం మనిషివయ్యా అని ఆమె. వెనక నిలబడ్డ మాకు నవ్వాపుకోలేక కడుపులు నొచ్చేవి.

క్రోమోజోము అన్న మాట ఆయన నోట తక్కువగా వినేవాళ్లం. పోగులనే అనేవారు. సిరిసిల్లలో మగ్గం నేసిన ఇంట పుట్టారు. తర్వాత తమ్ముడు మగ్గం తీసేసి సాంచలు పెట్టాడు, కరెంటు మీద నడిచే మరమగ్గాలను మా దిక్కు అట్లాగే అంటారు. "మా బాపు చీకట్ల గూడ పడుగు మీద వేలు వెట్టి తెగిన పోగు ఏడున్నదో జెప్పెటోడు. నాకు మైక్రోస్కోపు గావాల్సి అచ్చింది. గంతే తేడా" అనేవారు.

ఆయన కుడి బొటనవేలు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. మొలకెత్తిన గింజ వేరు కొసను గోరంత కోసి, ఎర్రరంగులో నానబెట్టి, గాజుపలక మీద పెట్టి, పైన సన్నటి గాజుముక్క వేసి, ఆ బొటనవేలితో అదమాలి. ఎంత అదమాలన్నదే విద్య. ఎక్కువైతే పోగులు చెదిరిపోతాయి, తక్కువైతే ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉంటాయి. పెళ్లిళ్లలో ఆ వేలు చూసి "పారాణి ఎవలు పెట్టిన్రు సారూ" అని ఆట పట్టించేవారు.

పెళ్లిళ్లంటే గుర్తొచ్చింది. వేరు కొసలో కణాలు చీలే వేళ ఒకటుంటుంది, ఆ వేళకు కోస్తేనే పోగులు విడివిడిగా కనిపిస్తాయి. సారు లెక్కలో అది పొద్దున పదిన్నర. "ముహూర్తం పంతులు పెట్టడు, వేరు పెడ్తది" అనేవారు. ప్రిన్సిపాల్ మీటింగు పెట్టినా పదిన్నరకు లేచిపోయేవారు. సొంత తమ్ముడి కొడుకు పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళకు పెద్దమనిషి కనపడకపోతే అందరూ వెతికారట. విడిది వెనక నల్లా దగ్గర, కొత్త పంచె మోకాళ్ల మీదికి ఎగగట్టి, మొలకల డబ్బా ముందు పెట్టుకుని బ్లేడుతో వేళ్లు కోస్తూ కూర్చున్నారట. "వాని ముహూర్తం గూడ పదిన్నరకే వెట్టిన్రు, నేనేం జెయ్య?" అన్నారట.

నేను ఆయన చేతికి దొరికిపోయింది రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో. గాజుగిన్నెలో వేరు కొసలు పెట్టి, "కంది. పోగులు లెక్కవెట్టి రాయుండ్రి" అని బయటికి పోయారు. మేం పద్దెనిమిది మందిమి. మైక్రోస్కోపులు నాలుగు, అందులో ఒకదాని అద్దానికి పగులు. కాసేపు కన్ను పెట్టి చూశాను. ఎర్రటి మసక తప్ప ఏమీ కనపడలేదు. కందికి ఇరవై రెండని ముందురోజే బట్టీ పట్టి ఉన్నాను. ఇరవై రెండని రాసి, బొమ్మలో కూడా ఇరవై రెండు గీతలు పొందికగా గీశాను. అందరూ అదే పని చేశారు. సారు వచ్చి పద్దెనిమిది రికార్డులూ తిరగేసి నవ్వారు. తిట్టినా బాగుండేది.

"గిన్నెల ఉన్నయి కంది వేర్లు గావు. మెంతి. పదహారు. కందికి ఇరవై రెండని నాకెరుక లేదా? పుస్తకం నా దగ్గర గూడ ఉన్నది. మీ కండ్లు నా దగ్గర లేవు, గందుకే అడిగిన."

తర్వాత వచ్చి నా ముందు ఆగారు. "నీ బొమ్మ అందరికంటె మంచిగున్నది బిడ్డా. లేనిదాన్ని గింత ముద్దుగ ఎట్ల గీసినవ్?"

తల తీసి మొలేసినట్టయింది. మర్నాడు పదింటికే ల్యాబు ముందు నిలబడ్డాను. ఆయన మెంతి మొలకల డబ్బా నా ముందుకు తోశారు. వారం రోజులు స్లైడులు చెడగొట్టాను. ఎనిమిదో రోజు పదహారు కనిపించాయి. చెబితే, మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ పదహారు. "ఇంకోపారి" అన్నారు. "సుమారు అన్న మాట అంగట్ల చెల్లుతది, స్లైడు మీద చెల్లదు" అన్నారు. ఏడాది తిరిగేసరికి కొత్త పిల్లలతో నన్ను చూపించి "గీ బిడ్డ లెక్క తప్పదు" అనడం మొదలుపెట్టారు. ఆ మాటకు నేనెంత ఉబ్బిపోయేదాన్నో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

ఆయనకు ఒక కోరిక ఉండేది. దాన్ని మాకు చెప్పుల మీద చెప్పారు. ల్యాబు బయట చెప్పులు విడవాలన్నది నియమం. ఒకరోజు క్లాసు మొత్తాన్నీ ఆ చెప్పుల దగ్గరికే తీసుకుపోయి నిలబెట్టారు.

"పల్లి ఒక్క చెట్టు గాదు. ఎన్కట ఎప్పుడో రెండు అడివి చెట్లు గలిసినయి. రెండిండ్ల సామాను ఒక్కింట్లకు అచ్చినట్టు, ఇరవై ఇరవై గలిసి నలభై అయినయి. ఆ ఇరవై పోగుల అడివి చెట్ల చుట్టాలు ఇంకా ఉన్నయి. వాటికి ఆకుమచ్చ తెగులు తాకది. మన పల్లికేమో, కథలాపూర్ దిక్కు పోయి సూడుండ్రి, పంట చేతికచ్చేయాల్లకు చెట్టుకు ఆకుండది. రెంటికి పెండ్లి జేస్తే?"

చేస్తే పుట్టిన పిల్లకు నలభైలో సగం, ఇరవైలో సగం, మొత్తం ముప్పై వస్తాయి. ఆయన వంగి ముప్పై చెప్పులు ఏరి వరుస పెట్టారు. పది జతలు కుదిరాయి. పది చెప్పులు ఒంటిగా మిగిలాయి.

"పువ్వు పూస్తది. మస్తు పూస్తది. కని పుప్పొడి గట్టేటప్పుడు ప్రతి పోగు దాని జతను ఎతుక్కుంటది. గీ పదింటికి జత లేదు. అంత ఆగమాగమైతది. గింజ పట్టది. గొడ్డుచెట్టు. గిప్పుడేం జెయ్యాలె?"

"అన్నిటినీ రెట్టింపు చేయాలి సారూ" అన్నాను నేను. "అరవై అయితే దేని జత దానికి దొరుకుతుంది."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. అరవై అన్న అంకె ఆ రోజు అందరికంటే ముందు నా నోట్లోంచే వచ్చింది. ఆ సాయంత్రం ఒకమ్మాయి తేడా చెప్పులేసుకుని మెట్‌పల్లి దాకా పోయింది, అది వేరే సంగతి.

రెట్టింపు చేయడానికి మందు ఉంది. అడవినాభి గడ్డలో ఉండే విషం. చీలబోయే కణాన్ని చీలకుండా ఆపేస్తుంది, రెట్టింపైన పోగులు ఒకే కణంలో ఉండిపోతాయి. దూదితో మొగ్గకు ఆ మందు పట్టిస్తే నూటికి తొంభై చచ్చిపోతాయి. బతికినవాటిలో పోగులు రెట్టింపయ్యాయో లేదో వేరు చూసి లెక్కపెట్టాలి. సారు ఎవరో స్నేహితుడి దగ్గర అడివి పల్లి సంపాదించి, పొద్దుగూకే వేళ మొగ్గలు విప్పి, తెల్లారి పుప్పొడి అద్ది, ఏళ్లకేళ్లు తంటాలుపడి ముప్పై పోగుల మొక్క ఒకటి పుట్టించారు. గింజ కట్టదు కాబట్టి కొమ్మలు నాటి దాన్ని బతికించుకుంటూ వచ్చారు. అరవై మాత్రం కాలేదు. ఆయన రిటైరయ్యారు. భార్య అంతకుముందే పోయింది, పిల్లలు లేరు. కాలేజీ వాళ్లు పాతసామాను వేలం వేస్తే ఆ పగులు అద్దం మైక్రోస్కోపు ఆయనే కొనుక్కున్నారు. కోరుట్లలో కిరాయి ఇల్లు, వాకిట్లో కుండీలు, కిటికీ దగ్గర మైక్రోస్కోపు. అప్పటికే చక్కెరజబ్బు కళ్లలోకి దిగింది.

నేను జగిత్యాలలో జూనియర్ కాలేజీలో చేరాను. నెలకో ఆదివారం కోరుట్ల బస్సెక్కి ఆయన కోసం లెక్కపెట్టడానికి పోయేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు అది గొప్ప. ఆయన కళ్లు నేనే.

మందు సీసాలో అడుగున మిగిలిన ఆఖరి చుక్కలతో ఆయన మరోసారి ప్రయత్నించారు. పదకొండు కొమ్మలు బతికాయి. పదకొండు కుండీలు. ఒక ఆదివారం నన్ను రమ్మన్నారు. మర్నాడే ఆయన కళ్ల ఆపరేషన్‌కు హైదరాబాదు పోవాలి.

"కత్తి పెట్టకముందు ఒక్క మాట ఇనిపోవాల్నని ఉన్నది బిడ్డా" అన్నారు.

పదిన్నరకు మొదటి కుండీ వేరు కోశాను. ముప్పై. రెండోది, ముప్పై. మూడోది కూడా ముప్పయ్యే. రిపోర్టు కోసం డాక్టరు ముందు కూర్చున్నట్టు ఆయన స్టూలు మీద మోకాళ్లపై చేతులు పెట్టుకుని కూర్చున్నారు. మొదటిదానికి "పోనీ" అన్నారు. రెండోదానికి "పోనీ తియ్" అన్నారు. మూడోదానికి మంచినీళ్ల చెంబు అందుకున్నారు. తాగబోతే నీళ్లు బనీను మీద ఒలికాయి. ఆయన తుడుచుకోలేదు.

నాలుగో కుండీ. అంత శుభ్రంగా పరుచుకున్న స్లైడు నా జన్మలో మళ్లీ చూడలేదు. ఒక పోగు మీద ఇంకో పోగు పడలేదు. చూసీచూడగానే తెలిసిపోయింది. ఆయన ఎప్పుడూ చెప్పినట్టే పైకి లెక్కపెట్టసాగాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. అక్కడ ఆగాలి. స్టూలు కిర్రుమంది, ఆయన ముందుకు వంగారు. నా నోరు ఆగలేదు. ముప్పై ఒకటి అన్నాను. ముప్పై రెండు అన్నాను. లేనివాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ పోయాను. యాభై ఎనిమిది దగ్గర ఆపి, "ఆగండి సారూ, రెండు కలిసిపోయినట్టున్నాయి" అని మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అబద్ధానికి కూడా ఆయన నేర్పిన పద్ధతే పనికొచ్చింది.

"అరవై" అన్నాను.

ఆయన ఎగిరి గంతేయలేదు. లేచి గోడవైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. "చాయ్ పెడ్త, ఉండు" అని తడుముకుంటూ స్టవ్ దగ్గరికి పోయారు. "ఇయ్యాల శక్కర ఏసుకుంట. ఎవలాపుతరో సూస్త" అన్నారు. నేను మిగిలిన ఏడు కుండీలూ చూడలేదు. చూసే మొహం లేదు. తలనొప్పి అని చెప్పి బస్సెక్కాను.

దారంతా ఒకటే అనుకున్నాను. ఆపరేషనవుతుంది, చూపొస్తుంది, ఆయనే స్లైడు చూసుకుని నన్ను చీపురు తిరగేసి కొడతారు. కాళ్ల మీద పడతాను. మిగిలిన ఏడూ ఇద్దరం కలిసి చూస్తాం. రెండు వారాల అబద్ధం, అంతే కదా.

పన్నెండు రోజుల తర్వాత పోయాను. సారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు, నల్లకళ్లద్దాలతో. చూపు రాలేదు. "ఎల్తురు, నీడ ఎరుకైతున్నయి. చాలు తియ్" అన్నారు. ఆయన పక్కన ఒక్క కుండీ ఉంది. గోడ వారగా పది కుండీలు, ఒకదానిలో ఒకటి బోర్లించి ఉన్నాయి.

"మిగతావేవి సారూ?"

"నేను దవఖానల పడితే నీళ్లు పోసేటోళ్లేరి? పక్కింటామె ఒక్కదానికైతే పోస్తనన్నది. దొరికినంక ఇంకా అన్నెందుకు? పోయేముందు పీకి వాళ్ల మేకకు ఏసిన. పల్లాకంటే దానికి పానం." నవ్వారు. "నువ్వు సూసినవ్ గద. సాలు."

ఏడు కుండీలు. వాటి వేళ్లు ఎవరూ చూడలేదు. ఒకదానిలో అరవై ఉందేమో. ఉండకపోవచ్చు కూడా. అది ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మందు సీసా కడిగి కిటికీలో బోర్లించారు, దానిలోకి ఎండ పడుతోంది.

అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే ఆయనకేం మిగులుతుంది? కళ్లు పోయాయి, మందు అయిపోయింది, ఏడు కుండీలు మేక కడుపులోకి పోయాయి. మిగిలింది నా అరవై ఒక్కటే, దాన్ని కూడా నేనే పీకేయాలా? జాలిపడి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. జాలి కాదు, ఏం కాదు. భయం. "గీ బిడ్డ లెక్క తప్పదు" అన్న మాట పోతుందన్న భయం.

ఆ తర్వాత తమ్ముడి కొడుకు ఆయన్ని సిరిసిల్లకు తీసుకుపోయాడు. కింద సాంచలు, పైన రెండు గదులు. పొద్దంతా ఆ చప్పుడుకు గోడలు అదురుతుంటాయి, మాట వినపడాలంటే అరవాలి. వరండాలో కుండీ. దాని పక్కన ఆ ఇంటి కోడలు, తమ్ముడి కొడుకు భార్య, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. సారుకు కళ్లు ఇప్పుడు ఆమె.

పల్లి పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పువ్వు వాడాక దాని అడుగు నుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మన్నులో దూరుతుంది. దాని కొసనే కాయ. సారు రోజూ పొద్దున్నే కుండీ ముందు గొంతుక్కూర్చుని కొమ్మ కొమ్మనూ వేళ్లతో తడిమేవారు. "పద్నాలుగు పువ్వులు పూసినయి" అనేవారు. మర్నాడు ఆ పద్నాలుగు చోట్లా ఊడ కోసం వెతికేవారు. ఒక్కటీ దిగేది కాదు. నేలంతా పసుప్పచ్చటి పూలు రాలి ఉండేవి.

మన్ను గట్టిగుందేమో అన్నారు. మానేరు ఇసుక తెప్పించి కలిపించారు. సున్నం చాలలేదేమో అని జిప్సం వేయించారు. నీళ్లలో ఉప్పు ఎక్కువైందేమో అన్నారు. సాంచల అదురుకు పువ్వు నిలవడం లేదేమో అని కుండీని మిద్దె మీదికి ఎక్కించి, తనూ రెండుపూటలా గోడ పట్టుకుని మెట్లెక్కేవారు. ఒకసారి జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. మన్నును అనుమానించారు, నీళ్లను అనుమానించారు, ఇంటిని అనుమానించారు. నా లెక్కను ఒక్కసారి అనుమానించలేదు.

"పుప్పొడి ఒకపారి సూడు బిడ్డా" అని నన్నడిగారొకసారి. రెండు పూలు అగ్గిపెట్టెలో పెట్టిచ్చారు. జగిత్యాల వచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. రంగు పట్టని ఉత్త డొల్లలు, చితికిన ఖాళీ తొక్కలు. "దారిలో ఎండకు వాడిపోయాయి సారూ" అని ఫోనులో చెప్పాను. ఒక అబద్ధానికి కాపలా ఇంకో నాలుగంటారు, నాకు నాలుగుతో కూడా సరిపోలేదు.

ఆ కోడలు నాకంటే నయం. ఆమె కూడా ఒక పని చేసింది. నేను పోయినప్పుడు బీడీకి దారం చుడుతూ తనే చెప్పి నవ్వింది. "మామ బాధ సూడలేక, అక్కా, మార్కెట్ల పచ్చికాయలు కొనుక్కచ్చి కుండీల పాతిపెట్టిన. పొద్దున ఎతికిండు. దొరికినయి. నా పానం సంబురమైంది. ఆయనేమో కాయను వేళ్లల్ల అటు దిప్పి ఇటు దిప్పి, 'ఇది దెంపిన కాయనే పిల్లా, ఊడ ఏది?' అన్నడు. తిట్టలే. కాయలు ఒలిచి నాకే ఇచ్చిండు, తినుమని."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కళ్లు లేకపోయినా ఆ వేళ్లను ఎవరూ మోసం చేయలేరు. ఆయన మోసపోయింది ఒక్క నా మాట దగ్గరే.

నా దగ్గర చదివే ఒక పిల్లవాడి తండ్రిది మేడిపల్లి. ఈమధ్య కాలేజీకి వచ్చినప్పుడు పల్లి వేశారా అని అడిగాను. "పల్లి ఎవలేస్తున్నరు మేడం! కోతులు పైన, పందులు కింద. తెగుల్దాక రానిస్తున్నయా?" అన్నాడు. సారుకు చెప్పాను, ఆ ఆశ కొంచెం తగ్గితే నా బరువు తగ్గుతుందని. ఆయన "పోనీ బిడ్డా, కోతులకైనా తెగులు లేని పల్లి దొరుకుతది" అన్నారు. ఆయనతో మాట్లాడటం అదే ఆఖరు.

దినాలకు సిరిసిల్ల పోయాను. ఆ రోజొక్కరోజూ సాంచలు ఆపారు. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. భోజనాలయ్యాక కోడలు కుండీ తెచ్చి నా ముందు పెట్టింది. కొమ్మల నిండా పూలు. ఒక పాత రిజిస్టరు కూడా ఇచ్చింది. ఆఖరి పేజీలో వంకరటింకరగా, చూపు మసకబారినవాడి రాత: "నాలుగో కుండీ. అరవై." కింద "చూసిన కన్ను" అని రాసి నా పేరు.

"ఏమన్నా చెప్పారా?" అన్నాను.

"పోయినారం జెప్పిండక్కా. 'నాకు దిగకపోతే ఆ బిడ్డ చేతుల దిగుతది. ఆమెకు ఇయ్యిండ్రి. ఆమె లెక్క తప్పదు' అన్నడు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆరేళ్లుగా ఎక్కడ దాక్కుందో. కోడలూ తమ్ముడి కొడుకూ కంగారుపడి నీళ్లిచ్చారు. "తమ్మీ, నేను సారుకు అబద్ధం చెప్పాను. ఇది అరవై కాదు. ముప్పై. ఆ రోజు నేను చూసింది ముప్పయ్యే" అన్నాను వెక్కుతూనే.

తమ్ముడి కొడుకు నన్ను చూశాడు, కుండీని చూశాడు. పాపం ఏదో ఓదార్చాలని చూశాడు. "ముప్పై అయితేంది, అరవై అయితేంది మేడం. మాకేమెరుక. పెద్దబాపు మిమ్మల్ని మస్తు మెచ్చుకునెటోడు" అన్నాడు.

నా తప్పేమిటో తెలిసి, దానికి తగ్గట్టు నన్ను తిట్టగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన ఫోటోకు దండ వేసి గోడకు ఆనించారు. ఇంక ఎవరి కాళ్ల మీద పడను?

"నీళ్లు పొద్దుగాల్నే పొయ్యాలె అక్కా. మాపటికి పోస్తే మామ కోపం జేసెటోడు" అని చెప్పి కోడలు బస్టాండు దాకా కుండీ మోసుకొచ్చింది.

జగిత్యాల బస్సులో కిటికీ పక్క సీటు. కుండీ ఒళ్లో పెట్టుకున్నాను. వేములవాడ దాటాక కండక్టరు వచ్చి, ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి, చెట్టు వైపు చూశాడు. చిన్న వయసు, ఊళ్లో పొలమున్నవాడిలా ఉన్నాడు. ఆకును వేలితో తిప్పి చూశాడు.

"పల్లే గదక్కా? మచ్చ ఒక్కటి లేదు. మంచిగున్నది. మస్తు పూసింది గద! కాస్తదా?"

"కాయదు తమ్మీ" అన్నాను.

"మరెందుకు మోస్కపోతున్నవ్?"

వెనక ఎవరో టికెట్ అని పిలిచారు, అతను అటు పోయాడు. బస్సు కుదుపుకు రెండు పూలు నా కొంగులో రాలాయి. రాలినచోట వేలు పెట్టి చూశాను. ఊడ లేదు.